మా మాస్టారి కోసం పడవలు ఆగుతాయా

మా డ్రైవింగ్ మాస్టారు పోయారు. ఆ సంగతి నాకు పంజాగుట్ట చౌరస్తాలో, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు తెలిసింది. క్యాబ్‌లో పొద్దున్నే మొదటి ట్రిప్పు. వెనక సీట్లో ఆఫీసుకు పోతున్న ఒకాయన ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. ఫోన్ చేసింది మాస్టారి భార్య. ఆమెను నేను అమ్మ అని పిలుస్తాను. "మీ సారు పోయిండు బిడ్డా. సోమాజిగూడ దవాఖానలనే ఉన్న, రా," అన్నది. గొంతులో ఏడుపు లేదు. ఏడవడానికి పక్కన ఎవరన్నా ఉండాలి కదా.

పచ్చ లైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. వేరే రోజైతే అద్దం దించి, ఆ హారన్ కొట్టేవాళ్ళందరికీ పౌరుడి బాధ్యతల మీద నాలుగు మాటలు చెప్పేవాణ్ణి. ఆ పొద్దు మాత్రం ఇండికేటర్ వేశాను, ఎడమకు తీశాను, న్యూట్రల్ చేసి హ్యాండ్‌బ్రేక్ లాగాను. ఆ పనులు ఆ వరుసలోనే చేయాలని నాకు నేర్పినాయన ఇక లేడని చేతులు చేస్తుండగానే తెలిసొచ్చింది. వెనక సీటాయన ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన ల్యాప్‌టాప్ మూసి, మెల్లగా దిగి, నా భుజం మీద ఒకసారి చెయ్యి పెట్టి, ఆటో వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మీలో అమీర్‌పేటలో కారు నేర్చుకున్నవాళ్ళుంటే మా మాస్టారి పక్కన ఎప్పుడో ఒకప్పుడు కూర్చునే ఉంటారు. తెల్లటి పాత కారు, ఎడమ తలుపు మీద చిన్న సొట్ట. ఆ ఎడమ సీట్లో ఒక పొట్టి మనిషి. మోకాళ్ళ మీద మడిచిన తువ్వాలు, కాలి కింద ఆయనకు వేరేగా ఉన్న రెండో బ్రేకు. సాఫ్ట్‌వేర్ పిల్లలు, కొత్తగా పెళ్ళయి వచ్చిన ఆడపిల్లలు, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక తీరిక దొరికిన అమ్మలు, అందరూ ఆయన చేతుల మీదుగానే ఈ రోడ్ల మీదికి వచ్చారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేకపోవడంతో ఆయన పేరు దాదాపు ఎవరికీ తెలియదు. అందుకే నేనూ ఇక్కడ రాయడం లేదు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళేనాటికి అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోర్సు సగంలో వదిలేసి హాస్టల్లో ఖాళీగా ఉన్నాను. ఖాళీ అంటే పని లేదని మాత్రమే. సంచి నిండా కరపత్రాలుండేవి. మెట్రో స్టేషన్ మెట్ల కింద ఎవరు ఏది పంచినా తీసుకునేవాణ్ణి, నిలబడే చదివేవాణ్ణి, నచ్చితే నేనూ నిలబడి పంచేవాణ్ణి. లావు పుస్తకాలు చదివే ఓపిక నాకు ఎన్నడూ లేదు. లోకం గురించి నాకు తెలిసిందంతా ఒక కాగితానికి రెండు వైపులా పట్టేది. కానీ ఆ రెండు వైపుల కోసం ఎవరితోనైనా కొట్లాటకు సిద్ధంగా ఉండేవాణ్ణి.

మొదటి వారంలోనే, మైత్రీవనం ముందు ఒక పెద్ద బండివాడు నా ముందుకు అడ్డంగా దూరాడు. నేను తల బయటపెట్టి అరవబోయాను. కారు టక్కున ఆగింది. నేను ఆపలేదు. మాస్టారి కాలు తన బ్రేకు మీద ఉంది.

"ఏంటి బాబూ, దిగి ఉపన్యాసం ఇస్తావా? దిగు మరి. నేను బండి తీసుకుపోతాను, నువ్వు నడిచి రా," అన్నారు.

దిగలేదు. బండి ముందుకు కదిలాక, ఏదో గుర్తొచ్చినట్టు ఆయనే అన్నారు: "కోపం రావడంలో తప్పేం లేదు. వచ్చినప్పుడు కాలు ఎక్కడుందో తెలియాలి."

ఆ తర్వాత ఎన్ని కరపత్రాలు చదివానో లెక్కలేదు గానీ నాకు పనికొచ్చిన వాక్యం ఇదొక్కటే అనిపిస్తుంది.

సందులోంచి పెద్ద రోడ్డు మీదికి ఎక్కాలంటే అమీర్‌పేటలో ఎవరికైనా చెమటలు పడతాయి. బస్సులు, లారీలు, మధ్యలో బైకులు. మేం తొందరపడితే ఆయన, "పెద్దవి పోనీ," అనేవారు. ఇంకేమీ అనేవారు కాదు. కాసేపు చూసేవారు. నిజంగానే పెద్దవన్నీ పోయాక చిన్న సందు దొరికేది. ఒకరోజు, ఇది ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని అడిగితే, సముద్రం దగ్గర అన్నారు. వాళ్ళది భీమిలికి అవతల, కొండరాళ్ళు నేరుగా నీళ్ళలోకి దిగే చోట ఒక జాలరిపేట. అక్కడ పడవ నీళ్ళలోకి తొయ్యాలంటే ముందు పెద్ద అలలు విరిగిపోయేదాకా ఒడ్డునే పట్టుకుని నిలబడాలట. తొందరపడ్డ పడవ రాళ్ళకు కొట్టుకుంటుందట.

మధ్యాహ్నం ఆయన కృష్ణానగర్ వైపు ఏదో ఒక చెట్టు నీడన కారు ఆపి, నాలుగు అద్దాలూ దించి డబ్బా తెరిచేవారు. ఎండుచేపల పులుసు. వాసన మాకు ఇబ్బందని అద్దాలు దించడమే కాక, "ఏమనుకోకు బాబూ," అని ప్రతిసారీ అనేవారు. పంజాగుట్టలో ఆయన అద్దెకున్న ఇంటి పైవాళ్ళు ఆ వాసన మీద ఫిర్యాదు చేశారని అమ్మ చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. రాత్రంతా కూర్చుని తిండి హక్కు మీద ఒక కరపత్రం రాసి, జిరాక్సు తీయించి, మర్నాడు ఆయన చేతిలో పెట్టాను. ఆయన రెండు వైపులా శ్రద్ధగా చదివారు. చదివి, మడిచి, డబ్బా కింద పెట్టుకున్నారు.

"ఎట్లున్నది సార్?" అన్నాను.

"చాలా బాగుంది. నూనె బాగా పీలుస్తోంది," అన్నారు.

నేను ముఖం మాడ్చుకున్న సంగతి విని అమ్మ పడీ పడీ నవ్వింది. అమ్మది పాలమూరు వైపు. కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులకు జాకెట్లు కుట్టేది. మాస్టారు లారీ క్లీనర్‌గా ఈ ఊరొచ్చి, డ్రైవరై, ఆ వీధిలోనే ఆమెను చూసి పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు లేరు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అమ్మ ఆయన ఊరు చూడలేదు. అడిగితే, వెళ్దాంలే అనేవారట.

ఎందుకు వెళ్ళరో నాకు ఒకరోజు తెలిసింది. మా హాస్టల్ సందులో ఒక ముసలాయన చనిపోయాడు. శవాన్ని తీసుకుపోయే బండి ఒక కోచింగ్ సెంటర్ గేటుకు అడ్డంగా ఉందని వాచ్‌మన్ విజిల్ వేసి జరిపించాడు. ఒక్క షాపు షట్టరు దిగలేదు. నా పక్కన మాస్టారు, వెనక ఇంకో విద్యార్థిని. మేం దారి కోసం ఆగి ఉన్నాం. నేను నగర జీవితం మీద ఏదో మొదలుపెట్టాను. మాస్టారు వినలేదు.

"మా ఊళ్ళో ఒక మనిషి పోతే, ఆ మనిషిని సాగనంపేదాకా ఎవరూ వేటకు వెళ్ళరు," అన్నారు. వేట అంటే వాళ్ళకు చేపల వేటే. "ఎంత చేప పడే రోజైనా సరే. వెయ్యి పడవలున్నా ఒడ్డునే ఉంటాయి."

"మరి మీకోసం సుత ఆగుతయా సార్?" అన్నాను. తమాషాకే అన్నాను.

ఆయన గేరు వైపు చూశారు. "ఆగవు. నేను తాడు వదిలేసి వచ్చినవాణ్ణి."

ఆ మాట అర్థం కావడానికి నాకు వాళ్ళ ఊరు చూడాల్సి వచ్చింది. ఆ పేటలో పెద్దవల అని ఒకటుంటుంది. పడవ దాన్ని నీళ్ళలో అర్ధచంద్రాకారంగా పరిచి వస్తుంది. దాని రెండు తాళ్ళనూ ఒడ్డు నుంచి ఊరంతా కలిసి లాగుతుంది. ప్రతి ఇంటికీ తాడు మీద ఒక చోటు. ఆ చోటే ఊళ్ళో ఆ ఇంటి లెక్క. పంపకంలో వాటా, గంగమ్మ పండుగలో వంతు, చావులో పడవలు ఆగడం, అన్నీ దాన్ని బట్టే. మాస్టారు కుర్రతనంలో, వేట ముమ్మరంగా ఉన్న రోజుల్లో, తాడు వదిలేసి విశాఖలో లారీ ఎక్కేశారు. సముద్రం అంటే భయమేసి కాదు, బండ్లంటే పిచ్చి.

గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాక అమ్మే పట్టుబట్టింది. "ఇగ ఎప్పుడు చూపిస్తవు నీ ఊరు? నేను గుడ్డిదాన్నయినంకనా?" అన్నది. నాకు అప్పుడే లైసెన్సు వచ్చింది. డ్రైవింగ్ స్కూలు కారులోనే బయల్దేరాం. నేను నడుపుతున్నాను, ఎడమ సీట్లో మాస్టారు, వెనక అమ్మ. దారి పొడుగునా ఆయన కాలు ఆ రెండో బ్రేకు మీదే ఉంది. రాజమండ్రిలో రాత్రి ఆగినప్పుడు, జర నా మీద నమ్మకం పెట్టండి సార్ అన్నాను. నమ్మకం ఉంది బాబూ, కాలికి అలవాటు అన్నారు.

ఊరు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఎర్రమట్టి దిబ్బలు దాటి మలుపు తిరగ్గానే నల్లటి రాళ్ళు, వాటి మీద విరిగి తెల్లగా లేచే నీళ్ళు. ఒకప్పుడు డచ్చివాళ్ళ ఓడలు ఆగిన రేవట. వాళ్ళ గోదాము గోడ ఒకటి సగం మిగిలింది. దాని వెనక వాళ్ళ సమాధులు, బల్లల్లాంటి నున్నటి పెద్ద రాళ్ళు, వాటి మీద మనకు చదవరాని రాతలు. టూరిస్టులు అక్కడ ఫోటోలు దిగుతుంటే నేను వలసపాలన మీద గట్టిగానే మాట్లాడాను. ఇద్దరు పిల్లలు శ్రద్ధగా విని, ఫోటో తీస్తావా అన్నా అని అడిగారు. అంతలో ఒక ముసలమ్మ గంప తెచ్చి, ఆ సమాధి రాళ్ళ మీద కవ్వళ్ళనే చిన్న చేపలు పరిచి ఎండబెట్టింది. ఇసుక అంటదు, ఎండ బాగా తగులుతుంది అన్నది. నా ఉపన్యాసం కంటే ఆమె చేసిన పనే బాగుంది.

అమ్మ మాత్రం సమాధుల్నీ గోదామునీ చూడలేదు. సముద్రం ముందు నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంత పెద్దది పెట్టుకొని నాకు హుస్సేన్ సాగర్ చూపెట్టినవ్," అన్నది మాస్టారితో.

ఊరిపెద్ద మాస్టారికి పెదనాన్న కొడుకు, ఆయన కంటే పెద్దవాడు. ఇసుకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. తల ఎత్తి చూసి, "ఏరా, ఇన్నాళ్ళకి తోవ కనపడిందేటి?" అన్నాడు. లేవలేదు. మళ్ళీ, "ఈ గుంటడెవుడు?" అని నన్ను చూపించాడు. అదేదో తిట్టనుకుని నేను చొక్కా చేతులు పైకి లాగాను. కుర్రాడని అర్థమట, మాస్టారు చెవిలో చెప్పారు.

టీలు వచ్చాయి. పలకరింపులయ్యాయి. హైదరాబాద్‌లో ఏంటి అనే మాస్టారు అక్కడ ఏటి అంటున్నారు, గొంతు కూడా మారిపోయింది. పొద్దు వాలుతోంది. తను వచ్చిన పని మాత్రం ఆయన నోట రావడం లేదు. వల సంగతి, పడవల సంగతి, ఎవరెవరు పోయారు, ఎవరి పిల్లలు గుజరాత్‌లో చేపలుపట్టే ట్రాలర్ల మీద ఉన్నారు, ఇవే. అప్పుడు అమ్మ గ్లాసు కింద పెట్టింది.

"అన్నా, నేను సక్కగనే అడుగుత. మా ఆయన గుండె మంచిగ లేదు. రేపు ఆయన పోతె మీ పడవలు ఆగుతయా, ఆగవా?"

చుట్టూ ఉన్న చేతులన్నీ ఆగిపోయాయి. ఊరిపెద్ద సూదిలోంచి దారం తీసి, మళ్ళీ ఎక్కించాడు.

"ఈడు ఎల్లిపోయిన కాడినుంచి ఈడి తాడు కూడా ఈడి అయ్యే లాగినాడమ్మా, సచ్చిందాకా," అన్నాడు. "ఊరొగ్గేసినోడికి ఊరెలాగ ఆగుద్ది?"

కోపంతో అన్నమాట కాదది. కానీ నాకు ఆ తేడా తెలిసే వయసు అప్పటికి రాలేదు. లేచి నిలబడ్డాను. పొట్టకూటికి పోవడం నేరమా అన్నాను. మీ పిల్లలు సగం మంది గుజరాత్‌లో లేరా, వాళ్ళకు ఆగుతాయా అన్నాను. ఆగుతాయన్నాడు ఆయన, ఆళ్ళు ఎల్లింది వేటకే కదేటి అన్నాడు. డ్రైవింగ్ మాత్రం శ్రమ కాదా, చెమటకు కులముందా, సముద్రం మీ ఒక్కళ్ళదా అంటూ నా సంచిలో ఉన్న కాగితాలన్నీ ఒక్కసారే వాళ్ళ మీద విసిరినట్టు మాట్లాడాను. ఇంకా ఏవో అనబోతూ మాస్టారి వైపు చూశాను. ఆయన నన్ను చూడడం లేదు. ఆయన కుడికాలు ఇసుకను గట్టిగా నొక్కుతోంది, మడమ దిగబడేంతగా. లేని బ్రేకును తొక్కుతున్నారు.

నేను ఆగిపోయాను. ముందు ఎవరో నవ్వారు, తర్వాత ఊరిపెద్ద కూడా నవ్వాడు. ఇంతమందిలో ఆ బ్రేకు సంగతి నాకూ మాస్టారికీ మాత్రమే తెలుసు. వాళ్ళు నవ్వింది నా నోరు అలా తెరుచుకుని ఉండిపోయినందుకు.

మర్నాడు పొద్దున పెద్దవల లాగారు. అమ్మ వద్దంటున్నా మాస్టారు పంచె ఎగ్గట్టారు. తాడు చివర, లాగి వదిలిన భాగాన్ని చుట్టలు చుట్టే పని ముసలివాళ్ళదట. అక్కడికి వెళ్ళి నిలబడ్డారు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. నేను మధ్యలో పట్టుకున్నాను. బలమంతా పెట్టి లాగుతుంటే వెనకాల ఒక ఆడమనిషి అరిచింది, నీళ్ళు ఎనక్కి పోతంటే లాగుతావేటి బావూ, చేతులు కోసుకుపోతాయి అని. అల ఒడ్డుకు వచ్చేటప్పుడు లాగాలి, పోయేటప్పుడు ఉత్తినే పట్టుకుని నిలబడాలి. ఆ నిలబడడమే నాకు చేతకాలేదు. ఊరిపెద్ద కోడలట ఆమె, ఆ రోజంతా నాకు గురువు.

వల పైకొచ్చాక చేపల్ని ఇసుక మీద వరసగా కుప్పలు పోశారు, ఇంటికొక కుప్ప. దారినపోతూ చెయ్యి వేసినవాళ్ళను కూడా ఊరికే పోనివ్వరు, బుట్టలో ఇస్తారు. మాస్టారికీ ఒకటి పోస్తారేమోనని నేను కుప్పల వరస వైపే చూస్తున్నాను. మాస్టారు చూడడం లేదు, తాడు చుట్ట సరిచేస్తున్నారు. ఊరిపెద్ద ఒక బుట్ట తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టాడు. చుట్టాలకు ఇచ్చినట్టు. మంచి చేపలే, పెద్దవే. మాస్టారు రెండు చేతులతో తీసుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు తుని దాటాక అమ్మ, చేప మస్తుగున్నది అన్నది. మాస్టారు నవ్వారు. "అడిగాం కదా. ఇన్నాళ్ళూ అదే నా వల్ల కాలేదు," అన్నారు.

తర్వాత ఆయన ఊరికి వెళ్ళడం మానేయలేదు. ఒంట్లో బాగున్న నెలల్లో విశాఖ రైలెక్కి వెళ్ళి, ఆ తాడు చివర నిలబడి, చుట్టలు చుట్టి వచ్చేవారు. బుట్ట తెచ్చుకునేవారు. ఒకసారి మాత్రం పది రోజులు దాటినా రాలేదు. అమ్మ కంగారుపడి నాతో ఫోన్ చేయించింది. ఊరిపెద్ద ఎత్తి, ముందు నన్ను గుర్తుపట్టి, ఆ గుంటడివేనా అని, తర్వాత తన గోడు వెళ్ళబోసుకున్నాడు. పేటకు ఐసు తెచ్చే ఆటో ట్రాలీ ఒకటి ఉందట. దాన్ని నడిపే కుర్రాడు గుజరాత్ పోయాడట. మాస్టారు ఊరిపెద్ద కోడల్ని ఎక్కించి, ఒడ్డున గట్టి ఇసుక మీద నేర్పుతున్నారట. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వరసలో ఉన్నారట. "నిన్న నన్ను ఎక్కించుకుని తిప్పీసింది బావూ. సమాధుల దాకా తీసుకుపోయి, మావా దిగుతావా ఇక్కడే అంటంది," అన్నాడు. గంపలు నెత్తిన పెట్టుకుని భీమిలి సంత దాకా నడిచే ఆడవాళ్ళు ఇప్పుడు ఆ ట్రాలీలో వెళ్తున్నారు. మాస్టారు ఆ సంగతి మాకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. కోడలికి రివర్సు ఇంకా రాలేదని మాత్రం బాధపడేవారు.

నేను ఆఖరిసారి ఆయన్ని మామూలుగా చూసింది పంజాగుట్ట ఇంట్లోనే. పడుకుని ఉన్నారు. అమ్మ లోపల కుట్టుమిషన్ మీద ఉంది. నేను ఉండబట్టలేక మళ్ళీ అదే అడిగాను, ఇప్పుడైనా ఆగుతాయా సార్ అని.

"పోయినవాడికి తెలుస్తుందా ఏంటి బాబూ?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మీ అమ్మ కోసం ఆగితే బాగుండును. ఎవరికీ ఏమీ కానివాడితో బతికానని అనుకోకూడదు కదా," అన్నారు.

మిషన్ చప్పుడు ఆగలేదు. ఆమెకు వినపడిందో లేదో నాకు తెలియదు.

ఆ పొద్దున దవాఖానకు చేరేసరికి అమ్మ వరండాలో ఒక కుర్చీలో ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్ళో ఆయన తువ్వాలు. కాగితాల పని ఇంకా అవుతోంది. నన్ను చూసి, "ఊరికి చెప్పు," అన్నది. ఇంకేమీ అడగలేదు. ఏమని చెప్పాలో, వాళ్ళు ఏమంటే నేనేమనాలో దారిలోనే అనుకుంటూ వచ్చాను. ఈసారి నన్ను ఆపేవాళ్ళు లేరు కదా అని కూడా అనుకున్నాను.

ఊరిపెద్ద ఫోన్ ఎత్తాడు. చెప్పాను. అటు పక్క గాలి చప్పుడు.

"పడవలు తెల్లారగట్లే ఎల్లిపోనాయి బావూ," అన్నాడు.

నిన్నటిదాకా గాలివానకు ఒడ్డునే ఉన్నారని, ఇవాళే వేట మొదలైందని ఆయన చెబుతున్నాడు. చేప ఒడ్డుకు దగ్గరగా వచ్చిందట. నేను నోరు తెరిచాను. అమ్మ నన్నే చూస్తోంది. ఉత్తినే ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

"ఉండు," అన్నాడు ఆయన. ఫోన్ పెట్టేయలేదు. నడుముకు దోపుకున్నట్టున్నాడు. నడుస్తున్న చప్పుడు, ఎవరినో కేకేయడం, మళ్ళీ నడక, ఆయాసం. చివరికి లైను తెగిపోయింది.

కాసేపటికి ఆయన కోడలి నుంచి వీడియో కాల్ వచ్చింది. ఆమె ముఖం ఒక్క క్షణం కనిపించి, ఫోన్ తిరిగింది. ఆ నల్లరాళ్ళలో అన్నిటికంటే ఎత్తైన రాయి. దాని మీద ఊరిపెద్ద, ఒంటి మీద చొక్కా లేదు. పొడుగాటి వెదురు గడకు తెల్లపంచె కట్టి, రెండు చేతులతో నిలబెట్టి పట్టుకున్నాడు. గాలికి గడ ఒరుగుతుంటే ఇద్దరు కుర్రాళ్ళు ఆయన నడుము పట్టుకున్నారు. అంత లోపలికి ఫోన్లు అందవు, గుడ్డ కనబడితే ఊళ్ళో మనిషి పోయినట్టే, వేట ఆపి వచ్చీయాల అని కోడలు చెబుతోంది. చెబుతూ చెబుతూ, నా మాస్టారు, అంది.

నేను ఫోన్ అమ్మ చేతికిచ్చాను. ఆమె కళ్ళద్దాలు సరిచేసుకుని దగ్గరగా పెట్టుకుంది. సముద్రం మీద చుక్కల్లా పడవలు. చాలాసేపు ఏదీ కదలలేదు. తర్వాత ఒకటి పక్కకు తిరిగింది. అది తిరగడం చూసి దాని పక్కది తిరిగింది.

ఊరిపెద్ద గొంతు రాయి మీంచి వినిపించింది. "ఆణ్ణి ఎప్పుడు తీస్తారో అడుగే. అందాకా ఎవులూ వేటకి దిగరని సెప్పు."

అమ్మ కుర్చీలోంచి లేచి, ఫోన్ అలాగే పట్టుకుని, మాస్టారున్న గదిలోకి వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె మంచం పక్కన కూర్చుని, తెర ఇద్దరికీ మధ్యలో ఉండేట్టు పెట్టుకుంది. మొదటి పడవ ఒడ్డు చేరుతోంది. చేపలేవీ లేకపోవడంతో తేలిగ్గా, అల మీద బాగా ఎత్తున ఊగుతోంది. వలలు పొడిగానే ఉన్నాయి. ఒడ్డునున్న ఆడవాళ్ళు గంపలు పక్కన పెట్టి నీళ్ళలోకి దిగారు, వెనకాలే ముసలివాళ్ళు, పిల్లలు. ఖాళీ పడవే, నలుగురు చాలు. కానీ నిండు పడవకు పట్టేంతమంది చేతులు వేసి, దాన్ని అలలు అందని చోటికి, పొడి ఇసుక మీదికి లాగుతున్నారు.